యెషయా మాస్టారి ఎడమకాలు

తాళం మనిషికి ఎక్కడ ఉంటుంది? చేతిలోనా, కాలిలోనా, ఇంకెక్కడైనానా? శాస్త్రం రాసినవాళ్లు చేతిలోనే అన్నారు. దెబ్బ ఇలా, వేళ్ల లెక్క ఇలా అని వివరంగా చెప్పారు కూడా. సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో యెషయా మాస్టారి దగ్గర నేర్చుకున్న పిల్లల్ని అడిగితే మాత్రం, తడుముకోకుండా కిందికి చూసి ఎడమ పాదం చూపించేవాళ్లు. ఎవరి మాట నిజం? నా జుట్టంతా నెరిసి, చదవదలచుకున్నవి చాలామటుకు చదివేశాక కూడా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దొరక్కపోయినా నష్టం లేదు. యెషయా మాస్టారి సంగతి చెప్పుకోవడానికి ఆ జవాబుతో పనిలేదు.

ఆయన పుట్టింది బొల్లారంలో. తండ్రి ఒంగోలు వైపు నుంచి దొరల గుర్రాల వెంట వచ్చి కంటోన్మెంటులో ఉండిపోయాడు. కొడుకును పటాలం బ్యాండులో చేర్చారు. చేతికి క్లారినెట్టు ఇచ్చారు. పొద్దున కవాతుకు వాయించడం, సాయంత్రం దొరలు భోంచేస్తుంటే వాయించడం, ఆదివారం చర్చిలో కీర్తనలకు వాయించడం. సెలవు దొరికితే ఊళ్లో పెళ్లి ఊరేగింపులు. అంతటితో ఆగి ఉంటే ఆయన కూడా పదిమంది బ్యాండువాళ్లలో ఒకడై పోయేవాడు.

ఆగలేదు. ఒక పెళ్లి ఊరేగింపులో బ్యాండు ముందు నడుస్తోంది. వెనక పెళ్లికొడుకు కారు పక్కన, అరవదేశం నుంచి పిలిపించిన నాదస్వరం పెద్దాయన ఒకడు కాంభోజి ఎత్తుకున్నాడు. పడుచు యెషయా అడుగు తప్పాడు. ఒక అడుగు, రెండడుగులు, అలా వెనక్కి వెనక్కి జరిగి ఆ పెద్దాయన పక్కన తేలాడు. బ్యాండు మోండా మార్కెట్టు మలుపు తిరిగి వెళ్లిపోయింది కూడా. మర్నాడు బ్యాండుమాస్టరు చేత నానా తిట్లూ తిని, ఆ సాయంత్రమే తమలపాకులు, అరటిపళ్లు పట్టుకుని పెద్దాయన బసకు వెళ్లాడు.

"అయ్యా, నేను కిరస్తానీవాణ్ణి. మీరు వాయించింది నాకు నేర్పుతారా?"

పెద్దాయన పైనుంచి కిందిదాకా చూసి, "ముందు నోరు తెరిచి పళ్లు చూపించు. ఊదేవాడికి అవే బలం" అన్నాడట. చూపించాడు. వేలుతో కదిపి చూసి, "గట్టిగానే ఉన్నాయి. కూర్చో" అన్నాడట.

ఈ పళ్ల కథ యెషయా మాస్టారు తన దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా చెప్పేవాడు. విజయమ్మ అనే తొమ్మిదేళ్ల పిల్ల కూడా వచ్చిన మొదటి రోజు విని, అడక్కుండానే నోరు తెరిచి పళ్లు చూపించింది. రెండు ముందు పళ్లు ఊడి ఉన్నాయి. మాస్టారు పగలబడి నవ్వి, "నీకు గొంతు చాలమ్మా, పళ్లు తరవాత వస్తాయి" అన్నాడు.

విజయమ్మ తండ్రి వీరయ్యది జనరల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. కూతురు పొద్దస్తమానం బిందెల మీద దరువేసి పాడుతుంటే, బేరానికి వచ్చినవాళ్లు బేరం మరిచి వింటున్నారని గమనించి ఆయనే తీసుకొచ్చి అప్పగించాడు. "మాస్టర్ సాబ్, గీ పిల్ల నా దుకాణంల అన్ని బిందెలకు సొట్టలు పెడుతున్నది. జెర దారిల పెట్టున్రి" అన్నాడు.

క్లారినెట్టు మనిషి దగ్గర పాట నేర్చుకోవడమేమిటని బజారులో కొందరు నవ్వారు. కానీ ఆ పద్ధతి చూసినవాళ్లు నవ్వలేదు. మాస్టారి గొంతు ఎండు కొబ్బరి చిప్పను గచ్చు మీద గీకినట్టు ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఆయన పాడేవాడు కాదు. ఒక వాక్యం క్లారినెట్టు మీద వాయించేవాడు. పిల్లలు దాన్ని గొంతుతో అందుకునేవాళ్లు. గమకం ఎక్కడ ఊగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అంతా ఆ నల్ల కర్రే చెప్పేది. తెల్లారగానే వరండాలో పాఠం. షాబాదు బండల గచ్చు, ఒక పేము కుర్చీ, ఎదురుగా సండే స్కూలు బల్ల. ఆదివారం దాని మీద కూర్చుని పిల్లలు వాక్యాలు వల్లించేవాళ్లు. మిగతా రోజుల్లో అదే బల్ల మీద కళ్యాణి, మోహన. మాస్టారి భార్య ప్రేమమణి గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ వినేది.

మాస్టారి రెండు చేతులూ క్లారినెట్టు మీటల మీదే. నోరూ దాని మీదే. ఇక మిగిలింది కాలు. బ్యాండులో పాతికేళ్లు నడిచిన ఎడమకాలు. ఆదితాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, మళ్లీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పే విసురు, ఇంకోసారి దెబ్బ, విసురు. ఇదంతా ఆయన పాదంలోకి దిగింది. మడమ నేలను తాకితే దెబ్బ. వేళ్లు ఎత్తి మూడుసార్లు ఆనిస్తే లెక్క. పాదం మొత్తం పక్కకి తిరిగితే విసురు. కళ్లు మూసుకుని వాయించే ఆ మనిషికి తన కాలు ఈ పని చేస్తోందన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

పిల్లలకు మాత్రం కనిపించేది అదే. ఎదురుగా బల్ల మీద కాళ్లు కిందికి పెట్టి కూర్చున్న పిల్లలు, మాస్టారి పాదం చూసి తమ పాదాలు కదిపారు. ఒకరిని చూసి ఒకరు. లంగాల అంచుల కింద పాదాలన్నీ ఒక్కసారే తిరిగేవి. చేతులు ఒళ్లో బుద్ధిగా ఉండేవి.

విజయమ్మ ఇంట్లో సాధనకు దుకాణం నుంచి వచ్చిన పెద్ద గుండిగను బోర్లించి దాని మీద కూర్చునేది. "కింద కూసోరాదే, దొరసానివా?" అని తల్లి బుచ్చమ్మ కేకలేసేది. కింద కూర్చుంటే పాట కుదరదని విజయమ్మ అనేది. ఎందుకు కుదరదో ఎవరూ అడగలేదు. ఇళ్లలో పేరంటాలకు, పెళ్లిళ్లకు ఒక పాట నిలబడి పాడితే తాళం చెయ్యి ఎవరు చూడొచ్చారు?

అలా ఏళ్లు గడిచాయి. దొరల పటాలాలు ఓడలెక్కి వెళ్లిపోయాయి, బ్యాండు చెదిరిపోయింది. ఆ మరుసటి సంవత్సరమంతా ఊళ్లో రజాకార్ల భయం. పొద్దుగూకితే తలుపులు పడేవి. డబ్బున్నవాళ్లు బెజవాడకు రైలెక్కారు. బల్ల మీద పిల్లలు ఒక్కొక్కరే తగ్గి చివరికి విజయమ్మ, ఇంకో ఇద్దరు మిగిలారు. క్లారినెట్టు దుప్పటి కప్పుకుని వాయించినంత మెల్లగా వాయించేవాడు మాస్టారు. విజయమ్మ పెదాల మీదే పాడేది. ఆ గుసగుసల సంగీతానికి కూడా బండ మీద పాదాలు మాత్రం తప్పేవి కావు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా తేలిపోయింది. సికింద్రాబాదు సడకల మీద ఫౌజు బండ్లు వస్తుంటే జనం బంతిపూలు విసిరారు. వీరయ్య దుకాణం ముందు బిందెలు బోర్లించి గంటెలతో మోగించాడు. కూతురికి చెప్పిన బుద్ధులన్నీ ఆ రోజు మరిచిపోయాడు. అయితే ఆ సంతోషం అన్ని గడపలకూ ఒకేలా రాలేదు. క్లారినెట్టు మీటలు బాగుచేసే ఖాదర్ భాయి ఇంటి తలుపు రోజుల తరబడి తెరుచుకోలేదు. యెషయా మాస్టారు పాఠం మానేసి, పేము కుర్చీ మోసుకెళ్లి ఆ తలుపు ముందు వేసుకుని కూర్చున్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే క్లారినెట్టు సాధన. దారిన పోయేవాళ్లు, "ఏంది మాస్టర్ సాబ్, ఈడ దుకాణం పెట్టినవు?" అంటే, "ఈ మనిషి బాగుంటేనే నా బాజా బాగుంటుంది నాయనా. ఎవరొస్తారో రండి, వాయించి వినిపిస్తా" అనేవాడు. వారం తిరక్కుండా ఖాదర్ భాయి తలుపు తీసి, "బస్ కరో యెషయా, తల నొప్పి పుడుతున్నది" అన్నాడు. ఆ మాట విని మాస్టారికి అంత ఆనందమూ ఇంత ఆనందమూ కాదు.

తరవాత దసరా వచ్చింది. ఏడాదిగా చీకటి పడితే నోరు విప్పని బజారు, ఈసారి పండగ గట్టిగా చెయ్యాలని పట్టుబట్టింది. అమ్మవారి పందిరి ఎప్పటిలాగే కమలాబాయి వాకిట్లో. ఆ వీధికి ఆమె మాటే శాసనం. బంగారపు కడియాల చెయ్యి ఒకటి ఎత్తిందంటే అరవై ఏళ్ల మగవాళ్లు కూడా నోరు మూసేవాళ్లు. ఆమే స్వయంగా రెజిమెంటల్ బజారుకు వచ్చింది.

"మాస్టరూ, మహర్నవమి నాడు మన వీరయ్య బిడ్డ కచేరి. పక్కన నువ్వు కూసోని వాయించాలె. ఇన్నేండ్లు ఊరేగింపుల మా పందిరి బయట నిలబడి వాయించినవు. ఈసారి లోపలికి రా."

ఆమె వెళ్లాక మాస్టారు క్లారినెట్టు తీసి, ఒక్కొక్క మీటా తుడిచి, మళ్లీ తుడిచాడు. "అరిగిపోతుందండీ" అంది ప్రేమమణి.

విజయమ్మకు పదహారేళ్లు. మాఘమాసంలో పెళ్లి. అత్తవారిది జనగామ, కిరాణా వ్యాపారం, మంచి మనుషులే, కానీ ఆ ఇంట్లో ఆడవాళ్లు పదిమందిలో కూర్చుని పాడిన దాఖలా లేదు. అందుకే ఈ నవమి దాటితే మళ్లీ వేదిక ఎక్కే యోగం ఉంటుందో లేదో అని విజయమ్మకు లోపల గుబులు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. సాధన మాత్రం నాలుగింతలు చేసింది.

మృదంగానికి బ్రహ్మచారిని పిలిచారు. పగలు కంసాలి కొలిమి, సాయంత్రం మృదంగం. పేరుకు బ్రహ్మచారే గాని ఆరుగురు పిల్లల తండ్రి. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "పేరు మా నాయన పెట్టిండు, పిల్లలు నా పని" అనేవాడు. కచేరికి ముందు ఒకసారి కలిసి కూర్చోవాలని వీరయ్య ఇంట్లో జంపఖానా పరిచారు. విజయమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి అలా కూర్చుని పాడటం.

వర్ణం ఎత్తుకుంది. గొంతు బ్రహ్మాండంగా పలికింది. బ్రహ్మచారి తాళం ఒక ఆవర్తం తిరిగేదాకా చూశాడు. రెండో ఆవర్తం చూశాడు. వాయించడం ఆపేశాడు.

"చెయ్యేది బిడ్డా?"

"ఏం చెయ్యి?"

"తాళం చెయ్యి! గట్ల ముడుసుకొని ఒళ్లె పెట్టుకుంటివి. నేను దేన్ని జూసి కొట్టాలె? నీ ముక్కుపుడకనా?"

విజయమ్మ బిత్తరపోయి కుడిచెయ్యి తొడ మీద వేసింది. దెబ్బ వేస్తే పాట జారింది. పాట పట్టుకుంటే చెయ్యి ఆగిపోయింది. మడిచిపెట్టిన ఎడమ పాదం తొడ కింద గిలగిల కొట్టుకుంటోంది గాని పనిచెయ్యడానికి చోటు లేదు. మూడుసార్లు ఎత్తుకుంది, మూడుసార్లూ తప్పింది. నాలుగోసారి కళ్లనీళ్లు పెట్టుకుని లేచి, మూలనున్న గుండిగ మీద కూర్చుంది. కాళ్లు కిందికి పెట్టి పాడింది. గడియారంలా నడిచింది.

బ్రహ్మచారి వంగి లంగా అంచు కింద కదులుతున్న పాదం చూశాడు. తల పట్టుకున్నాడు.

"వీరయ్యా! నీ బిడ్డ కాలుతోని తాళమేస్తున్నదయ్యా! విసురు సుత తిప్పుతున్నది సూడు, ఎంత ముద్దుగ తిప్పుతున్నదో! ఎవరు నేర్పిన్రమ్మా?"

"మాస్టారే" అంది విజయమ్మ వెక్కుతూ. "అందరం గిట్లనే ఏస్తం."

యెషయా మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నెమ్మదిగా తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఇంటికి వెళ్లి భార్యను అడిగాడు. "పిల్లలు కాళ్లతో తాళం వేస్తున్నారట. నువ్వెప్పుడైనా చూశావా?"

"ఏళ్ల తరబడి చూస్తున్నాను. మీరు కళ్లు మూసుకుని వాయిస్తారు, నేను కళ్లు తెరుచుకుని బియ్యం ఏరతాను."

"మరి చెప్పవేం?"

"మీ సంగీతంలో అంతేనేమో అనుకున్నానండీ. మన చర్చి పాటలకు లేచి నిలబడతాం, వాటికి కాలాడిస్తారు కాబోలని."

మాస్టారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. మర్నాడు పాఠానికి వచ్చిన విజయమ్మకు కూడా ఇదే చెప్పి మళ్లీ నవ్వాడు. ఏడుద్దామని వచ్చిన పిల్ల కూడా నవ్వేసింది.

నవ్వితే చెయ్యి వస్తుందా? పండగకు వారం కూడా లేదు. మాస్టారు క్లారినెట్టు పక్కన పెట్టి, కింద కూర్చుని, చేత్తో తాళం చూపించాడు. విజయమ్మ అన్నం తింటూ తొడ కొట్టుకుంది, ముగ్గు పెడుతూ కొట్టుకుంది. "తొడ కమిలిపోయింది, గిదేం సదువే" అని బుచ్చమ్మ ఆముదం రాసింది. ఒట్టి తాళం వేస్తే వచ్చేది. పాట కలిస్తే పోయేది. ఏళ్లపాటు కాలు నేర్చుకున్నది నాలుగు రోజుల్లో చేతికి ఎక్కుతుందా?

బ్రహ్మచారి మంచివాడే. "వచ్చే ఏడు పాడిద్దాం వీరయ్యా, తొందరేమున్నది?" అన్నాడు. వీరయ్య సరేనన్నట్టు తల ఊపసాగాడు.

"వచ్చే ఏడు నేను ఈడ ఉంటనా నాయనా?" అంది విజయమ్మ. వీరయ్య తల ఊపడం ఆపేశాడు.

యెషయా మాస్టారు అప్పుడు ఉపాయం చెప్పాడు. విజయమ్మ వేదిక మీద కూర్చుంటుంది. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, కాలు కనిపించేలా కూర్చుంటాడు. పాదం చూస్తూ ఆమె పాడుతుంది, దానితో పాటు చెయ్యి వేస్తుంది. ఎంత తప్పినా ఆ పాదం చూసి మళ్లీ అందుకుంటుంది.

"మరి బాజా?" అంది ప్రేమమణి వెంటనే.

"బాజా పెదాలకు తగిలితే నాకు కళ్లు మూతపడతాయి. కళ్లు మూతపడ్డాక ఈ కాలు ఆ పిల్ల పాటకు కాదు, నా పాటకు ఆడుతుంది. అందుకని బాజా ఇంట్లోనే."

"పందిట్లో వాయించాలని తుడిచి తుడిచి చంపారే!"

"తుడిచింది పోదులే. శుభ్రంగా ఉంటుంది."

అసలు గొడవ బ్రహ్మచారి లేవనెత్తాడు. సాయంత్రం కమలాబాయి వాకిట్లో, బతుకమ్మలు పేర్చి ఆడవాళ్లు వలయంగా తిరుగుతుంటే, పక్కన పంచాయితీ నడిచింది. "కాలు అమ్మవారి దిక్కు పెట్టి ఆడిస్తవా మాస్టర్ సాబ్? నాకేం లేదు, రేపు నలుగురు అడిగితే నేనేం చెప్పాలె?"

ఆ మాట మాస్టారికీ సబబుగానే తోచింది. ఒక్కసారి మొహం చిన్నబోయింది.

కమలాబాయి కడియాల చెయ్యి ఎత్తింది.

"ఓ బ్రహ్మచారీ, అటు సూడు. ఆ ఆడోళ్లు దేనితోని ఆడుతున్రు?"

"బతుకమ్మ ఆడుతున్రు."

"అది కాదురా, దేనితోని? గాల్లె ఎగురుతున్రా? కాళ్లతోనే గదా! అమ్మ ముంగట మేమంతా కాళ్లాడిస్తే పండుగ, ఆయన ఒక్క కాలాడిస్తే పాపమా? కుర్చీ జెర పక్కకు జరిపి వెయ్యి. కాలు గోడ దిక్కుంటది. కడుక్కొని కూసుంటడు. అయిపాయె." మళ్లీ మాస్టారి వైపు తిరిగి, "మంచిగ పసుపు సుత రాస్త నీ కాలుకు" అంది. వాకిలంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా బ్రహ్మచారే నవ్వాడు.

ఆ నవ్వులోనే ఎవరో విజయమ్మ చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగారు. మాస్టారు అరుగు అంచున కూర్చుని చాలాసేపు ఆడవాళ్లను చూశాడు. అడుగు పడినప్పుడల్లా చప్పట్లు కూడా పడుతున్నాయి. విజయమ్మవి కూడా. ఆయన ఆ చప్పట్లు లెక్కపెడుతూ గడ్డం గీరుకున్నాడు.

మహర్నవమి నాటి సాయంత్రం పందిట్లో పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. జనరల్ బజారు మొత్తం వచ్చి కూర్చుంది. బోయిన్‌పల్లి నుంచి కూరగాయల బండ్లవాళ్లు కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఖాదర్ భాయి కొత్త షేర్వానీ వేసుకుని వీరయ్య పక్కన కూర్చున్నాడు. శ్రుతికి తంబురా దొరకలేదు. ప్రేమమణి చర్చి హార్మోనియం తెచ్చుకుని, విజయమ్మ వెనక కూర్చుని, రెండు మెట్ల మీద వేళ్లు నొక్కిపెట్టి తిత్తి ఊదసాగింది. ఆ కచేరిలో ఆమె పని అదొక్కటే. ఎంత గర్వంగా కూర్చుందో చెప్పలేం.

యెషయా మాస్టారు తెల్లకోటు తొడుక్కుని, ప్యాంటు కొద్దిగా మడిచి, వేదికకు పక్కగా కుర్చీలో కూర్చున్నాడు. పాదానికి నిజంగానే పసుపు ఉంది. కమలాబాయి మాట తప్పే మనిషి కాదు.

విజయమ్మ వర్ణం ఎత్తుకుంది. కళ్లు పసుపుపచ్చని ఆ పాదం మీదే. మడమ, వేళ్లు, మడమ, తిప్పు. ఆమె చెయ్యి దాని వెనక వెనక నడిచింది, తల్లి కొంగు పట్టుకుని సంతలో నడిచే పిల్లలా. రెండో పాటలో ఒకచోట తడబడింది, పాదం గట్టిగా ఒక్క మడమ దెబ్బ వేసింది, అందుకుంది. బ్రహ్మచారి కూడా ఒక కన్ను చేతి మీద, ఒక కన్ను కాలి మీద వేసి వాయిస్తున్నాడు. "రెండు గుర్రాల బండి నడిపినట్టున్నది" అన్నాడు పాటకూ పాటకూ మధ్య. ముందు వరసలో అందరూ నవ్వారు. విజయమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో భుజాలు దిగాయి.

తరవాత కాంభోజి. రాగం పాడుతూ పాడుతూ ఆమెకు వరండా గుర్తొచ్చింది, గుసగుసగా పాడిన ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు పెదాల మీదే ఆగిపోయిన స్వరాలన్నీ ఇప్పుడు గొంతు నిండా వస్తున్నాయి. పైషడ్జం మీద నిలబడితే పందిరి గుడ్డ ఊగినట్టు అనిపించింది. "వాహ్!" అన్నాడు ఖాదర్ భాయి. "నా బిడ్డ" అన్నాడు వీరయ్య ఆయనతో, ఆయనకు తెలియనట్టు.

కీర్తన ముగిసే వేళకు మృదంగం వంతు వచ్చింది. పాట ఆగిపోతుంది, మృదంగం ఒక్కటే పలుకుతుంది. అప్పుడు పాడే మనిషి చెయ్యే మృదంగానికి దారి. ఆ చెయ్యి తప్పితే వాయించేవాడు గోదాట్లో పడ్డట్టే. విజయమ్మ ముందు రోజంతా భయపడింది దీనికే. పాదం వైపు ఒకసారి చూసి, చెయ్యి మొదలుపెట్టింది.

బ్రహ్మచారి మెల్లగా షురూ చేశాడు. బంగారపు రేకు మీద చిన్న సుత్తి ఆడినట్టు వేళ్లు ఆడాయి. ఒక మాట చెప్పి, దాన్నే తిప్పి చెప్పి, సగం మింగి, ఎక్కడో వదిలేశాడనుకునేలోపు సరిగ్గా దెబ్బ మీద తెచ్చి పెట్టాడు. విజయమ్మకు నవ్వాగలేదు. మళ్లీ అలాగే ఏడిపించాడు. ఈసారి ఎక్కడ పడతాడో చూద్దామని ఆమె అతని వేళ్లనే చూస్తూ కూర్చుంది. పడ్డాడు, ఆమె అరచెయ్యి పడ్డచోటే. ఇద్దరూ తల ఊపారు. జనం చప్పట్లు కొట్టారు. వేగం హెచ్చింది. అతను అడిగినట్టు, ఆమె చెప్పినట్టు, అలా ఎంతసేపు నడిచిందో ఆమెకు తెలియదు.

చివరి ముగింపుకు ముందు, ఇప్పుడు బిడ్డా, గట్టిగ పట్టుకో అన్నట్టు బ్రహ్మచారి కనుబొమలెత్తాడు. విజయమ్మ అలవాటుగా పక్కకు చూసింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె తన తొడ వైపు చూసుకుంది. చెయ్యి వేస్తూనే ఉంది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఎవరినీ అడక్కుండా, ఎవరినీ చూడకుండా, దాని పని అది చేసుకుపోతోంది. ఎప్పటినుంచో.

ఆమె తల ఎత్తింది. జనం తలల మీదుగా, దూరంగా గేటు దగ్గర, కూరగాయల బండ్లవాళ్ల మధ్య నుంచి తెల్లకోటు ఒకటి బయటికి జరుగుతోంది. చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. దారి ఇచ్చిన బండివాడి భుజం తట్టాడు. వెనక్కి తిరగలేదు. కమలాబాయికి చెప్పలేదు, వీరయ్యకు చెప్పలేదు, హార్మోనియం తిత్తి ఊదుతున్న భార్యకు కూడా చెప్పలేదు. మృదంగం ముగింపు మూడోసారి తిరిగి దెబ్బ మీద పడింది. విజయమ్మ పాట అందుకుంది. ఆయన రెజిమెంటల్ బజారు వైపు తిరిగి వెళ్లిపోయాడు.